బ్లాక్ పౌడర్ రివాల్వర్‌లో గొట్టం పొడవు: 8 అంగుళాలా, ఐదున్నరా?

కొత్తగురి
అందరికీ నమస్కారం. కొంతకాలంగా క్లబ్బులో వేరేవాళ్ల క్యాప్ అండ్ బాల్ రివాల్వర్లతో (మందు, సీసపు గుండు విడివిడిగా నింపి, వెనక చిన్న పేలుడు టోపీ తగిలించి కాల్చేవి) కాలుస్తున్నాను. ఇప్పుడు సొంతంగా ఒకటి తీసుకుందామని ఉంది. రెమింగ్టన్ 1858 న్యూ మోడల్ ఆర్మీ నమూనా, .44 (గొట్టం లోపలి వ్యాసం ఉజ్జాయింపుగా 0.44 అంగుళాలు). అంతవరకు తేలిపోయింది. చిక్కంతా గొట్టం దగ్గరే. అసలు కొలత 8 అంగుళాలు, కానీ ఐదున్నర అంగుళాలది చేతిలో భలే కుదిరింది. పొట్టిది తీసుకుంటే వేగం ఎంత పోతుంది? గురి ఎంత చెడుతుంది? నేను కాల్చేది కాగితం మీదే, దూరం 25 మీటర్లు.

తుప్పుమరక
8 తీసుకోండి. చర్చ అయిపోయింది :)

నిర్వాహకుడు
అయిపోలేదు, ఇప్పుడే మొదలైంది. మొదట రెండు మాటలు. ఒకటి, ఈ తుపాకుల చట్టం దేశానికో తీరు. కొన్నిచోట్ల పాతకాలపు వస్తువుల కింద లెక్క, కొన్నిచోట్ల పూర్తి లైసెన్సు కావాలి. కొనేముందు మీ దగ్గరి నిబంధన చూసుకోండి. రెండు, ఇక్కడ "మందు" అంటే బ్లాక్ పౌడరే, లేదా దానికి బదులుగా తయారుచేసిన మందే. పొగలేని మందు వీటిలో చిటికెడు కూడా పోయకూడదు. ఇక కానివ్వండి.

లెక్కలపిచ్చి
కొత్తగురి గారూ, మీరు అడిగిన మొదటి ప్రశ్నకు కాగితం మీదే చాలావరకు జవాబు దొరుకుతుంది. అంగుళానికి ఇంత వేగం అని ఒక అంకె పట్టుకుని అందరూ తిరుగుతుంటారు. ఆ అంకె ఒక్కటే ఉండదు. మందు ఎంత పోశారో చెప్పకుండా గొట్టం పొడవు గురించి మాట్లాడటం దండగ.

30 గ్రెయిన్ల మందు అంటే సుమారు 1.94 గ్రాములు. నొక్కిన బ్లాక్ పౌడర్ చాంబర్‌లో (తిరిగే సిలిండర్‌లో మందు, గుండు కూర్చునే గూటిలో) ఇంచుమించు 2 ఘన సెంటీమీటర్ల చోటు తీసుకుంటుంది. .44 గొట్టం లోపలి వైశాల్యం సుమారు 1 చదరపు సెంటీమీటరు. కాబట్టి గొట్టం ప్రతి అంగుళం వాయువుకు రెండున్నర ఘన సెంటీమీటర్ల పైచిలుకు చోటు ఇస్తుంది. గుండు మూతి దాటే వేళకు వాయువు మొదటి చోటుకు ఎన్ని రెట్లు వ్యాపించిందన్నది చూడాలి:

ఐదున్నర అంగుళాల గొట్టంలో 8 రెట్ల పైన.
8 అంగుళాల గొట్టంలో 11న్నర రెట్ల పైన.

వాయువు వ్యాపించేకొద్దీ పీడనం పడిపోతుంది, చివరి అంగుళాలు చేసే పని మొదటి అంగుళాలు చేసేదానిలో చిన్న ముక్క. లీకేజీ, రాపిడి పక్కన పెట్టి ఆదర్శ వ్యాకోచం లెక్క వేస్తే, 8 అంగుళాల వేగాన్ని నూరు అనుకుంటే ఐదున్నరకు 95, 3 అంగుళాలకు 85, 12 అంగుళాలకు 105, రివాల్వింగ్ కార్బైన్ల (రివాల్వర్‌లాగే సిలిండర్ తిరిగే పొట్టి రైఫిళ్ల) 18 అంగుళాలకు 110 వస్తాయి. అంకెలు ఉజ్జాయింపే, కానీ వంపు ఆకారం అదే. 8 నుంచి ఐదున్నరకు దిగితే పోయేది నూటికి 5. 8 నుంచి 18కి ఎక్కితే, అంటే ఏకంగా 10 అంగుళాలు కలిపితే, వచ్చేది నూటికి 10.

నా మట్టుకు నాకు తుపాకి గురించి ఎవరైనా చెప్పగానే మొదట అడగాలనిపించేది "గొట్టం అంగుళానికి ఎన్ని గ్రెయిన్లు పోస్తున్నావు?" అని.

గుర్రపుజీను
లెక్కలపిచ్చి గారి చివరి వాక్యం చూసి పాత కోల్ట్‌లకు, అంటే శామ్యూల్ కోల్ట్ రివాల్వర్లకు, అదే కొలత పెట్టి చూశాను.

1847 వాకర్: గొట్టం 9 అంగుళాలు, చాంబర్‌లో 60 గ్రెయిన్లు పట్టేవి. టెక్సాస్ రేంజర్ల కెప్టెన్ శామ్యూల్ వాకర్ అడిగిన మార్పులతో కోల్ట్ రూపొందించాడు. సొంత ఫ్యాక్టరీ లేక కనెక్టికట్‌లోని ఎలై విట్నీ జూనియర్ కర్మాగారంలో చేయించాడు. బరువు రెండు కిలోలు దాటుతుంది. నడుముకు కట్టుకునేది కాదు, జీనుకు వేలాడే సంచిలో పెట్టుకునేది. అంత మందుకు ఆ కాలపు ఇనుము తట్టుకోలేక కొన్ని సిలిండర్లు పగిలాయి.

మరుసటి ఏడాది 1848లో డ్రగూన్ వచ్చింది. చాంబర్ 50 గ్రెయిన్లకు తగ్గింది, గొట్టం ఏడున్నర అంగుళాలకు.

60ని 9తో భాగించండి, 50ని ఏడున్నరతో భాగించండి. రెండిటికీ అంగుళానికి 6.67 గ్రెయిన్లే! వ్యాకోచం లెక్కలో రెండూ దాదాపు 7 రెట్లే. కోల్ట్ ఈ భాగహారం చేసి గొట్టం కోశాడని నేను అనను, జీను మీద బరువు తగ్గించడమే అతని అవసరం. కానీ ఫలితం మాత్రం అలా వచ్చింది.

తుప్పుమరక
అంటే 9 అంగుళాల వాకర్, మన కొత్తగురి గారి ఐదున్నర అంగుళాల పిల్లకన్నా "పొట్టి"ది అన్నమాట! ఇది ఒప్పుకోవడం కష్టమే.

లెక్కలపిచ్చి
ఒప్పుకోండి. నిండా మందు పోస్తే వాకర్ 7 రెట్లు, 30 గ్రెయిన్లతో ఐదున్నర అంగుళాలది 8 రెట్లు. అందుకే వాకర్ మూతి దగ్గర అంత మంట. వాయువు ఇంకా పని చేయగలిగి ఉండగానే బయటపడుతోంది. అలాగని వాకర్‌ది తక్కువ శక్తి కాదు, మందు రెట్టింపు కదా. కాకపోతే మందు రెట్టింపు చేస్తే శక్తి రెట్టింపు రాదు, ఒకటిన్నర రెట్లకు కాస్త పైన ఆగుతుంది.

1851 నేవీ కూడా చూడండి. .36, గొట్టం ఏడున్నర. 20 గ్రెయిన్లు పోస్తే వ్యాకోచం మళ్లీ 11 రెట్ల పైనే, అంటే 30 గ్రెయిన్లు పోసిన 8 అంగుళాల .44తో సమానం. సన్నటి గొట్టంలో చోటు తక్కువ, మందూ తక్కువ.

సందేహాలపుట్ట
ఒక అడ్డు ప్రశ్న. బ్లాక్ పౌడర్ నెమ్మదిగా కాలుతుంది కాబట్టి పొడుగు గొట్టం ఉంటేనే పూర్తిగా కాలుతుందని ఎప్పటినుంచో వింటున్నాను. పొట్టి గొట్టంతో తెల్లగుడ్డ ముందు కాలిస్తే గుడ్డ నిండా నల్లచుక్కలు పడతాయి. అది కాలని మందే కదా?

పాతఇనుము
అందులో ఎక్కువ భాగం కాలిపోయిన మందే. 1870ల్లో నోబుల్, ఏబెల్ అనే ఇద్దరు మందును మూసిన ఉక్కు పాత్రల్లో పేల్చి కొలిచారు. బరువులో సుమారు 57 పాళ్లు ఘనపదార్థంగా మిగులుతుంది, వాయువు అయ్యేది 43 పాళ్లే. పొగ, మసి, గుడ్డ మీది చుక్కలు అన్నీ ఆ 57 పాళ్ల సంతానం. పొటాషియం లవణాలే ఎక్కువ కాబట్టి చాలావరకు నీళ్లలో కరుగుతుంది. వేడినీళ్లతో గొట్టం కడిగేదీ అందుకే.

మందు సన్నదా ముతకదా అన్నదానికి ప్రభావం ఉంది, నిజం. రివాల్వర్‌కు సాధారణంగా మూడు ఎఫ్‌ల మందు వాడతాం (ఎఫ్‌లు పెరిగేకొద్దీ రేణువు సన్నం), రైఫిల్ మస్కెట్‌కు, అంటే ముందునుంచి నింపే పొడుగు తుపాకికి, రెండు ఎఫ్‌ల ముతకది. అదే బరువు ముతక మందు పోస్తే వేగం కొంత తగ్గుతుంది, పొట్టి గొట్టంలో ఆ తేడా ఇంకాస్త కనిపిస్తుంది. పైగా ఆ ఘనపదార్థం వేడిని పట్టుకుని వాయువుకు నెమ్మదిగా తిరిగి ఇస్తుంది, కాబట్టి పొడుగు గొట్టం లాభం లెక్కలపిచ్చి గారి కాగితం కన్నా ఒక పిసరు ఎక్కువ ఉండొచ్చు. సిలిండర్‌కూ గొట్టానికీ మధ్య సందు మాత్రం దానికి ఎదురు లాగుతుంది. గుండు గొట్టంలో ఉన్నంతసేపూ ఆ సందులోంచి వాయువు కారుతూనే ఉంటుంది. గొట్టం ఎంత పొడుగైతే అంతసేపు కారుతుంది.

25మీటర్లు
ఇంతవరకు అందరూ వేగం గురించే మాట్లాడారు. కాగితం మీద కాల్చేవాడికి వేగంతో పనేంటి? పోటీల్లో .44లో మేము 30 గ్రెయిన్లు పోయం. 20 గ్రెయిన్లు, అంతకన్నా తక్కువ కూడా పోసి, మిగతా చాంబర్ సన్న రవ్వతో నింపి, దాని మీద గుండు నొక్కుతాం. రవ్వ గుండును చాంబర్ అంచుకు దగ్గరగా లేపుతుంది. గుండు గొట్టంలోకి దూకే దూరం తగ్గుతుంది, అంతే దాని ఉద్యోగం.

ఆ కొద్ది మందుకు ఐదున్నర అంగుళాలైనా చాలు. కానీ నేను 8 అంగుళాలే పట్టుకుంటాను. కారణం సైట్లు, అంటే గురి చూసుకునే ఆనవాళ్లు.

కొత్తగురి
25మీటర్లు గారూ, ఆ సైట్ల సంగతి కొంచెం వివరంగా చెప్పరూ? తేడా ఉంటుందని తెలుసు, ఎంతో తెలియదు.

25మీటర్లు
రెమింగ్టన్‌లో వెనక సైట్ గాడి సిలిండర్ పైనున్న పట్టీ చివర ఉంటుంది, ముందు సైట్ మూతి దగ్గర. 8 అంగుళాలదానికి రెండింటి మధ్య దూరం ఉజ్జాయింపుగా 25 సెంటీమీటర్లు, ఐదున్నరదానికి 19 అనుకుందాం. ముందు సైట్ గాడిలో 0.2 మిల్లీమీటర్లు పక్కకు జరిగింది. అది మన కంటికి దాదాపు తెలియని జరుగుడు. 25 మీటర్ల దగ్గర పొడుగుదాని గుండు 20 మిల్లీమీటర్లు పక్కకు పోతుంది. పొట్టిది 26.

ప్రిసిషన్ పిస్టల్ టార్గెట్ మీద 10 వలయం వ్యాసం 50 మిల్లీమీటర్లు, అంటే మధ్య నుంచి అంచుకు 25. ఒకే తప్పుకు ఒకటి గీత లోపల పడింది, ఇంకొకటి గీత మీద పడింది. 0.44 అంగుళాల గుండు పెద్ద చిల్లు చేస్తుంది కాబట్టి గీతను తాకి పది దక్కవచ్చు, అది వేరే సంగతి. 0.4 జరిగితే ఆ ఓదార్పు కూడా ఉండదు.

లెక్కలపిచ్చి
దీని పక్కన వేగం నష్టాన్ని పెట్టి చూద్దాం. 8 అంగుళాలు సెకనుకు 260 మీటర్లు ఇస్తే ఐదున్నర 247 ఇస్తుందనుకుందాం. గాలి నిరోధం వదిలేస్తే 25 మీటర్ల దగ్గర గుండు దిగుడు మొదటిదానికి సుమారు 45 మిల్లీమీటర్లు, రెండోదానికి 50. తేడా 5 మిల్లీమీటర్లు, అదీ ప్రతి గుండుకూ ఒకేలా. ముందు సైట్‌ను ఆకురాయితో ఒక్కసారి సరిచేస్తే పోతుంది. 25మీటర్లు గారు చెప్పిన 6 మిల్లీమీటర్లు అలా పోవు, ప్రతి గుండుకూ ఒక్కో దిక్కుకు పడతాయి.

తుప్పుమరక
నేను రెండో పోస్టులోనే చెప్పాను, 8 తీసుకోమని. మీరంతా రెండు రోజులు లెక్కలు కట్టి అక్కడికే వచ్చారు.

పాతఇనుము
తుప్పుమరక తమ్ముడూ, నీకు జవాబు తెలుసు, వాళ్లకు కారణం తెలిసింది. తేడా లేదా?

ఇంకో విషయం. పొడుగు గొట్టం అన్నిసార్లూ గెలవదు. మందు తక్కువ పోసి నెమ్మదిగా కాలిస్తే గుండు గొట్టంలో ఎక్కువసేపు ఉంటుంది. ఆ లోపల తుపాకి వెనక్కి తన్ని మూతి లేవడం మొదలవుతుంది. అందుకే ఒకే సైట్‌తో నెమ్మది గుండు కాస్త పైన తగలడం చూస్తుంటాం. పట్టు ప్రతిసారీ ఒకేలా లేనివాడికి ఈ ఆలస్యం నిలువు చెదురుగా కనిపిస్తుంది. అయితే 8 అంగుళాల గొట్టం ముందుభారం ఆ లేచేదాన్ని కొంత అణుస్తుంది కూడా, కాబట్టి చేతిని బట్టి లెక్క.

మసి సంగతి కూడా ఉంది. పొడి గాలిలో పొడుగు గొట్టం మూతివైపు చివరి అంగుళాల్లో మసి గట్టిపడి పెంకులా తయారవుతుంది. గుండు మీద గ్రీజు ఉన్నా అంతదూరం మెత్తగా వెళ్లదు. గురి చెదరడం మొదలైతే ముందు అక్కడ చూడండి. పొట్టి గొట్టంలో ఈ బాధ తక్కువ.

సందేహాలపుట్ట
8 తీసుకుని, నచ్చకపోతే కోయించుకుంటే? రెండూ చూసినట్టు ఉంటుంది కదా.

పాతఇనుము
వద్దండీ. కోయడం రంపంతో పనే, కోశాక చేయాల్సినది ఎక్కువ. లోడింగ్ లివర్ (గుండును చాంబర్‌లోకి నొక్కే మీట) కొక్కెం గొట్టం కింద మూతి వైపు ఉంటుంది, దాన్ని వెనక్కి జరపాలి, లివర్ పొట్టి చేయాలి. ముందు సైట్‌కు కొత్త చోటు చేయాలి. మూతి అంచును గొట్టం నడిమి గీతకు లంబంగా, నాలుగువైపులా సమానంగా దిద్దాలి. ఆ అంచు ఒకవైపు వంకరైతే వాయువు ఒకవైపు నుంచి ముందు బయటపడి గుండును పక్కకు తోస్తుంది, సైట్ల మధ్య దూరం తగ్గిన నష్టం దాని ముందు లెక్కలోకే రాదు.

లివర్ పొట్టి చేయడమే అసలు తలనొప్పి. సీసపు గుండు చాంబర్ కన్నా కొంచెం పెద్దది. నొక్కేటప్పుడు చుట్టూ సన్న రింగు గీసుకుపోతేనే బిగిసినట్టు. దానికి బలం కావాలి. లివర్ పొట్టిదైతే చేతికి బలం ఎక్కువ కావాలి, మందు మీద నొక్కుడు ఒక్కో చాంబర్‌కు ఒక్కోలా పడుతుంది. వేగం చెదురుతుంది. 1849 పాకెట్ కోల్ట్‌లో 3 అంగుళాల గొట్టంతో లోడింగ్ లివరే లేని రకం ఉండేది, సిలిండర్ విప్పి బయట నింపుకోవాలి. జేబులో దాచుకునేవాడికి అది సరే. వరసగా కాల్చేవాడికి నరకం.

గుర్రపుజీను
పొట్టి గొట్టాలు వచ్చిందే జేబు కోసం. ఆ పాకెట్ .31లో 3, 4, 5, 6 అంగుళాల గొట్టాలు అమ్మారు. కొనేవాడు వేగం లెక్క అడగలేదు, కోటులో పడుతుందా అని అడిగాడు. సైన్యానికి అమ్మిన 1860 ఆర్మీకి వచ్చేసరికి మళ్లీ 8 అంగుళాలు. కానీ బరువు వాకర్‌లో అరవై శాతం, ఇంచుమించు 1.2 కిలోలు. ఇనుము మెరుగుపడింది, చాంబర్ చిన్నదైంది, అందుకే పొడుగు గొట్టం మోసినా రౌతు నడుము విరగలేదు.

సందేహాలపుట్ట
గొట్టం పొడవు కొలవడంలోనే నాకు గందరగోళం. సింగిల్ షాట్ పిస్టల్‌కు 8 అంటే, రివాల్వర్‌కు 8 అంటే ఒకటేనా?

లెక్కలపిచ్చి
కాదు. రివాల్వర్‌కు గొట్టం వెనక అంచు నుంచి మూతి దాకా. చాంబర్ సిలిండర్‌లో ఉంది కాబట్టి లెక్కలోకి రాదు. ముందునుంచి నింపే సింగిల్ షాట్‌కు మందు, గుండు గొట్టంలోనే కూర్చుంటాయి, ఆ చోటు కూడా పొడవులో కలుస్తుంది. పైగా దానికి సందు లేదు. "8 అంగుళాలు" అని రాసిన రెండిటినీ పక్కపక్కన పెట్టి వేగం పోల్చేవాళ్లు ఈ రెండు సంగతులు మరిచిపోతారు.

రెండు వేర్వేరు రివాల్వర్లు పోల్చడం కూడా అంతే. చాంబర్ వ్యాసాలు వేరు, సందు వేరు, నిపుల్ (పేలుడు టోపీ కూర్చునే మొన) రంధ్రాలు వేరు. వచ్చిన తేడా గొట్టానిదో ఇంకోదానిదో ఎలా తెలుస్తుంది? నిజంగా గొట్టం ఒక్కటే మార్చి చూడాలంటే కోల్ట్ పద్ధతి ఫ్రేమే దిక్కు. గొట్టాన్ని ఫ్రేముకు పట్టి ఉంచే వెడ్జ్ (చీల) తీస్తే గొట్టం ఊడి వస్తుంది. అదే ఫ్రేము, అదే సిలిండర్, పొడుగు గొట్టం, పొట్టి గొట్టం. వెడ్జ్ ఎంత లోపలికి దిగితే సందు అంత మారుతుంది కాబట్టి ప్రతిసారీ సందు కొలిచి ఒకటే ఉండేలా చూడాలి. క్రోనోగ్రాఫ్ (గుండు వేగం కొలిచే పరికరం) మూతికి మరీ దగ్గర పెడితే పొగను, మసి ముక్కలను గుండుగా లెక్కపెడుతుంది. మూడు నాలుగు మీటర్ల దూరం పెట్టండి.

కొత్తగురి
అందరికీ ధన్యవాదాలు. 8 అంగుళాలే తీసుకుంటాను. పొట్టిది చేతిలో బాగుందన్న మాట మాత్రం వెనక్కి తీసుకోను, అది బాగుంది. ఒక్క చివరి ప్రశ్న: కొనేటప్పుడు గొట్టం గురించి ఇంకేం చూడాలి?

పాతఇనుము
పొడవు పక్కన పెట్టి వ్యాసాలు చూడండి. గొట్టంలో మెత్తటి సీసపు గుండును తోసి బయటికి తీసి, దాని మీద పడిన గట్ల మీద వ్యాసం కొలవండి. అది గాడుల (గుండును తిప్పడానికి గొట్టం లోపల మెలికగా చెక్కిన గాళ్ల) వ్యాసం. తర్వాత ఆరు చాంబర్ల మూతులూ కొలవండి. నమూనా రివాల్వర్లలో చాంబర్ గాడుల కన్నా సన్నగా ఉండటం మామూలే. అలాంటప్పుడు చాంబర్‌లో గీసుకుని చిన్నదైన గుండు గొట్టంలో గాడులను పూర్తిగా నింపదు, పక్కల నుంచి వాయువు దూసుకుపోతుంది. 8 అంగుళాలు కాదు, 12 అంగుళాలున్నా ఆ గుండు చెదురుతుంది. చాంబర్లను గాడుల వ్యాసానికి సమానంగానో ఒక వెంట్రుక ఎక్కువగానో రీమర్‌తో (రంధ్రాన్ని కొద్దిగా తొలిచే పనిముట్టుతో) పెద్దవి చేయించుకోవచ్చు. ఆ పని తెలిసిన తుపాకి మెకానిక్ చేతే చేయించండి, ఆరూ ఒకే కొలతకు రావాలి. సిలిండర్‌కూ గొట్టానికీ మధ్య సందు ఫీలర్ గేజ్‌తో (కొలత రాసిన పలచటి రేకులతో) చూడండి. 0.15 మిల్లీమీటర్ల చుట్టుపక్కల ఉంటే హాయి. మరీ బిగుతుగా ఉంటే సిలిండర్ రెండోసారి నింపి కాల్చేసరికే మసి పట్టి తిరగనంటుంది.

25మీటర్లు
ముందు సైట్ ఎత్తుగా ఉన్నదే అడగండి. పొట్టిదైతే గుండు పైన తగులుతుంది, అప్పుడు పెంచడానికి లోహం ఉండదు. ఎత్తుగా ఉంటే కింద తగులుతుంది, మీ మందు ఎంతో ఖాయం చేసుకున్నాక ఆకురాయి తీసి కొద్దికొద్దిగా అరగదీయండి. మందు మార్చే ఆలోచన ఉన్నంతకాలం దాని జోలికి పోకండి.